ఆసియాలో ప్రజాస్వామ్యం: ర్యాంకులు చెప్పేది, చెప్పనిది



ఏటా ప్రజాస్వామ్య ర్యాంకులు వెలువడగానే మన దేశానిది ఎన్నో స్థానమన్న చర్చ మొదలవుతుంది. స్థానం మెరుగుపడితే గర్విస్తాం. దిగజారితే విదేశీయుల పక్షపాతమంటాం. ఆ అంకె ఎలా వచ్చిందో మాత్రం అడగం. చరిత్రను చదివేవారిగా మనం ముందుగా అడగవలసినది అదే.

ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ 2006 నుండి ప్రకటిస్తున్న సూచికలో 167 దేశాలు, ప్రాంతాలు ఉన్నాయి. ఎన్నికల ప్రక్రియ, ప్రభుత్వ పనితీరు, ప్రజల భాగస్వామ్యం, రాజకీయ సంస్కృతి, పౌర స్వేచ్ఛలు అనే ఐదు అంశాలకు పదేసి మార్కులు; వాటి సగటే ఆ దేశపు మార్కు. ఇందులో నిపుణుల అంచనాలకు పెద్ద పాత్ర ఉంది గనుక ఇది విమర్శకు అతీతం కాదు. అయినా పరిశీలించదగినది.

2023 సూచికలో ఆసియాలో మొదటి స్థానం తైవాన్‌ది. ప్రపంచంలో అది 10వది. 1987 వరకు దాదాపు నాలుగు దశాబ్దాలు సైనిక శాసనం కింద నలిగిన నేల అది. అక్కడి ప్రజలు తమ అధ్యక్షుని తొలిసారి నేరుగా ఎన్నుకొన్నది 1996లో. జపాన్ 16, దక్షిణ కొరియా 22, భారత్ 41. ఆసియా నేలకు ప్రజాస్వామ్యం సరిపడదనే వాదానికి ఇంతకు మించిన సమాధానం అక్కరలేదు.

బౌద్ధం వేళ్లూనిన మరికొన్ని దేశాలను చూద్దాం. మంగోలియా 59, థాయ్‌లాండ్ 63, శ్రీలంక 70, భూటాన్ 81. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకొన్న మయన్మార్ 166; దాని కింద ఉన్నది అఫ్గానిస్తాన్ ఒక్కటే. బుద్ధుని పేరు తలచినంత మాత్రాన ప్రజాస్వామ్యం నిలవదు. ఈ మాట మనకు చేదుగా ఉండవచ్చు, దాచిపెట్టరాదు.

ఇక మన దేశం. మొత్తం మార్కు 7.18. ఎన్నికల ప్రక్రియకు 8.67 రాగా, పౌర స్వేచ్ఛలకు 5.88 మాత్రమే వచ్చింది. ఓటు వేయడంలో ఉన్న బలం, ఓటు వేసిన మనిషి నోరు విప్పడంలో లేదన్నమాట. పైగా ఆ ఐదు గడులలో కులానికి విడిగా గడి లేదు. ఊరి బావి వద్ద, శ్మశానం వద్ద మనిషికి దక్కే విలువ ఏ ర్యాంకులోనూ పూర్తిగా కనబడదు. రాజకీయాలలో సమానత్వం, సామాజిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యాన్ని గురించి బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించినది ఇందుకే.

భిక్షు సంఘానికి తీర్మానం, కోరం, ఓట్ల లెక్కింపు తెలుసునని ఆ ప్రసంగంలోనే ఆయన గుర్తుచేశారు. శలాకలతో అభిప్రాయం సేకరించే పద్ధతి వినయపిటకంలో ఉంది. ఆ వారసత్వం మనదని చెప్పుకోవడం సులభం; ఆచరించడమే కష్టం. మన సంఘాలలో ఎన్నికలు గడువుకు జరుగుతున్నాయా? జమాఖర్చులు అందరి ముందుకు వస్తున్నాయా? స్త్రీల మాట, ఒంటరి అసమ్మతి మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతున్నాయా? దేశపు ర్యాంకును మనం ఒక్కరోజులో మార్చలేం. ఈ ప్రశ్నలకు మాత్రం వచ్చే సర్వసభ్య సమావేశంలోనే జవాబు చెప్పగలం.

నమో బుద్ధాయ. జై భీమ్.