షజరాలో లేని పేర్లు

(మన సొసైటీ వార్షిక సమావేశంలో భాగంగా జరిగిన మహిళల సభలో చేసిన ప్రసంగం)

అబ్బాయిలను కూడా పిలవమని నేనే పట్టుబట్టాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

నేను డాక్టర్ని కాను. పదో తరగతి పిల్లలకు అనువంశికత పాఠం చెప్పే టీచర్ని. ఈ రోజు చెప్పేది కూడా ఆ పాఠమే, కాకపోతే మెండెల్ బఠాణీల బదులు మన ఇళ్ళు తీసుకుందాం.

మన కుటుంబాల్లో కొన్నింటికి షజరా ఉంది. ఏడెనిమిది తరాల పేర్లు అందంగా రాసి పెట్టుకుంటాం. దాదా, పర్‌దాదా, వాళ్ళ అన్నదమ్ములు, అన్నీ మగవాళ్ళ పేర్లే. నానీ పేరు అందులో వెతికినా దొరకదు. ఆమె ఎన్నో ఏట పోయింది, ఏ జబ్బుతో పోయింది అంటే, "ఏదో గడ్డ లేచింది, అల్లా తీసుకుపోయాడు" అంటారు. గడ్డ ఎక్కడ లేచిందని అడిగితే మాట మార్చేస్తారు. ఆ గడ్డ గురించే నేను మాట్లాడాలి.

మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్‌దే మొదటి స్థానం. 2022లో సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చిందనీ, 98,000 మంది చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. వీటిలో ఎక్కువ భాగం వంశపారంపర్యం కావు. నూటికి ఐదు నుంచి పది మాత్రమే పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల వస్తాయి. కాబట్టి చాచీకి డెబ్బై ఏళ్ళప్పుడు వచ్చిందని ఇంటిల్లిపాదీ బెంబేలు పడనక్కర్లేదు. నేను చెప్పేది ఆ ఐదు, పది ఇళ్ళ గురించి.

బట్టకు చిన్న చిరుగు పడితే రఫూ చేయిస్తాం కదా. మన కణాల్లోని డీఎన్‌ఏకి కూడా రోజూ చిరుగులు పడుతుంటాయి. వాటిని రఫూ చేసే పనివాళ్ళలో బీఆర్‌సీఏ-1, బీఆర్‌సీఏ-2 అనే జన్యువులు ముఖ్యమైనవి. ఇవి ఆడా మగా అందరిలోనూ ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చొప్పున. ఒకటి పుట్టుకతోనే చెడిపోయి ఉన్నా రెండోది పని నడిపిస్తుంది. ఏదో ఒక కణంలో ఆ రెండోది కూడా దెబ్బతింటే ఇక చిరుగులు పేరుకుపోతాయి, క్యాన్సర్‌కు దారి పడుతుంది. రొమ్ము క్యాన్సర్ కొన్ని వంశాల్లో 17వ క్రోమోజోము మీదుగా వస్తోందని 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్ చూపించారు. 1994లో బీఆర్‌సీఏ-1 చేతికి చిక్కింది, మరుసటి ఏడాది బీఆర్‌సీఏ-2.

విదేశీ కుటుంబాల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, ఈ లోపం ఉన్న ఆడవాళ్ళలో 80 ఏళ్ళు వచ్చేసరికి నూటికి దాదాపు 70 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అండాశయ క్యాన్సర్ ముప్పు బీఆర్‌సీఏ-1తో నూటికి నలభై పైన, బీఆర్‌సీఏ-2తో పదిహేడు దాకా ఉంటుంది. అంటే లోపం ఉన్నా జబ్బు రానివాళ్ళు కూడా ఉంటారు.

ఇప్పుడు అబ్బాయిల సంగతి. ఈ లోపం ఉన్న తండ్రి నుంచి కూడా ప్రతి బిడ్డకూ, కొడుకైనా కూతురైనా, బొమ్మా బొరుసూ లెక్కన సగం అవకాశంతో వస్తుంది. తండ్రికి ఏ జబ్బూ లేకపోవచ్చు, కానీ ఆయన అక్కచెల్లెళ్ళకు, అమ్మకు వచ్చి ఉండవచ్చు. ఖాలా గురించి అడిగే డాక్టరుకు ఫూఫీ గురించి, దాదీ గురించి కూడా మీరే గుర్తుచేసి చెప్పాలి. మగవాళ్ళకు కూడా, ముఖ్యంగా బీఆర్‌సీఏ-2 వల్ల, ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అరుదుగా రొమ్ము క్యాన్సర్ కూడా వస్తుంది.

మరి ఇళ్ళల్లో ఎందుకు దాస్తున్నాం? రిష్తాల కోసం. "అమ్మాయి తల్లికి ఆ జబ్బట" అనే మాట సంబంధాల దాకా పోకూడదని. అబ్బాయి తల్లికి వస్తే మాత్రం ఎవరూ అడగరు! జన్యువుకు ఆ తేడా తెలియదు. పైగా మనం దాచింది ఊరి నుంచి కాదు, సొంత కూతుళ్ళ నుంచి. ముప్పై ఐదేళ్ళ కోడలు గడ్డ తగిలితే, "నొప్పి లేదు కదా, పాలగడ్డ అయ్యుంటుంది" అనుకుని ఆరు నెలలు ఊరుకుంటుంది. నానీ సంగతి తెలిస్తే ఆరు రోజులు కూడా ఆగేది కాదు.

చిన్నాన్న, పెద్దనాన్న పిల్లల మధ్య పెళ్ళిళ్ళ వల్లే ఇది పుడుతుందా అని కొందరడిగారు. పుట్టదు. అయితే ఒకే ఇంట్లో తిరుగుతున్న లోపం తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇద్దరి నుంచీ చెడిన బీఆర్‌సీఏ-2 వచ్చిన బిడ్డకు ఫాంకోనీ అనీమియా అనే అరుదైన, తీవ్రమైన రక్తవ్యాధి రావచ్చు.

అందుకని ఇంటికి వెళ్ళాక ఒక తెల్లకాగితం మీద ఆడవాళ్ళతో సహా షజరా గీయండి. మూడు తరాలు చాలు. ఎవరికి, ఏ క్యాన్సర్, ఎన్నో ఏట. యాభై ఏళ్ళలోపు రొమ్ము క్యాన్సర్, రెండు వైపులా రావడం, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్, మగవారికి రొమ్ము క్యాన్సర్, ఒకే వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి రావడం, వీటిలో ఏది కనిపించినా ఆ కాగితం క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

జన్యు పరీక్ష రక్తంతోనో లాలాజలంతోనో చేస్తారు. వేల రూపాయలవుతుంది. వీలైతే మొదట జబ్బు వచ్చిన మనిషికే చేయాలి. ఆమెలో లోపం దొరికితే, మిగతావాళ్ళలో ఆ ఒక్కదాన్నే వెతకవచ్చు, ఖర్చు తగ్గుతుంది. ఒక్కోసారి "అర్థం తేలని మార్పు" అని కూడా రిపోర్టు వస్తుంది. దాన్ని బట్టి ఆపరేషన్లకు పరుగెత్తకూడదు. అందుకే పరీక్షకు ముందూ తర్వాతా జన్యు సలహాదారుతో మాట్లాడాలి. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో రిపోర్టు చదువుకుని ఏడ్చే పని కాదిది.

లోపం ఉందని తేలితే దారులున్నాయి. పాతికేళ్ళ నుంచి ఏడాదికోసారి ఎమ్మారై, ముప్పై నుంచి మామోగ్రామ్ కూడా. కొందరికి మందులు. అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టే నమ్మకమైన పరీక్ష లేదు కనుక, పిల్లలు పుట్టాక, బీఆర్‌సీఏ-1 ఉంటే 35-40 మధ్య, రెండోదైతే కొన్నేళ్ళు ఆగి, అండాశయాలు తీయించుకోమంటారు. రొమ్ములు ముందే తీయించుకునేవారూ ఉన్నారు. 2013లో నటి ఏంజెలీనా జోలీ చేసింది అదే. ఆమె తల్లి 56 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయారు. అది ఆమె నిర్ణయం, అందరికీ వర్తించదు. అత్తగారో భర్తో తీసుకునే నిర్ణయమైతే అసలే కాదు.

ఎక్కడికి వెళ్ళాలి? గాజువాక పోయే దారిలో అగనంపూడి దాటుతుంటాం కదా, అక్కడే టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముంబైలోని టాటా మెమోరియల్‌కు వంశపారంపర్య క్యాన్సర్ల కోసం ప్రత్యేక క్లినిక్ ఉంది. జబ్బు వచ్చినవారికి ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద జరుగుతాయి, మనం ఇంకా ఆరోగ్యశ్రీ అంటున్నదే. జన్యు పరీక్షకు వర్తిస్తుందో లేదో ముందే ఆరోగ్యమిత్రను అడగండి. ముప్పై దాటిన ఆడవాళ్ళకు ఆరోగ్య కేంద్రంలో రొమ్ము పరీక్ష చేస్తారు. సిగ్గుపడి ఏఎన్ఎమ్‌ను గుమ్మం నుంచే పంపేయకండి.

దూరం వెళ్ళాల్సివస్తే, వైద్యానికి పోయే క్యాన్సర్ రోగికి రైలులో స్లీపర్, త్రీ టయర్ ఏసీ ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ రిజర్వేషన్ కౌంటర్‌లో చూపాలి. సొసైటీ పెద్దలకు ఒక మనవి. పిల్లల ఫీజులకు ఇస్తున్నట్టే, ఏటా ఇద్దరు ముగ్గురి జన్యు పరీక్షకు కొంత పక్కన పెట్టగలరేమో ఈ సమావేశంలోనే ఆలోచించండి.

ప్రశ్నలుంటే అడగండి. అందరి ముందు అడగలేనివాళ్ళు భోజనాలయ్యాక రండి, నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. ఖాళీ కాగితాలు, పెన్నులు తెచ్చాను.