మెట్లదారీ, మోకుదారీ
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాదినాడు మన బీదరులో శ్రీశైలము మాట రాక తప్పదు. ఈ పండుగకు కన్నడదేశమునుండి భక్తులు గుంపులుగా కాలినడకన అక్కడికి పోతారు. భ్రమరాంబ వారికి ఇంటి ఆడపడుచు. 12వ శతాబ్దిలో అక్కమహాదేవి మన జిల్లాలోని కల్యాణమునుండి ఆ కొండకే వెళ్ళినది. కనుక ఆ దారి తెలుగువారికీ కన్నడిగులకూ ఉమ్మడిది.

మేమూ కుటుంబముతో ఒకనాడు పోయివచ్చినాము. హైదరాబాదు వరకు రైలు, ఆపైన బస్సు. రాత్రివేళ నల్లమల అడవిలో బండ్లను వదలరు గనుక తెల్లవారిన తరువాతనే కొండ చేరినాము. దర్శనమునకు ముందు పాతాళగంగలో మునగవలెనని మా అమ్మగారి కోరిక. ఆమెకు మోకాళ్ళ నొప్పి. దిగవలసినవి వందల మెట్లు.

“నీవు పైన కూర్చో అమ్మా, చెంబుతో నీళ్ళు తెస్తాము” అన్నాము.

“నీళ్ళు తెస్తారు, గంగను తెస్తారా?” అన్నది. మేము మారు పలుకలేదు.

14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకూ పాతాళగంగకూ మెట్లు కట్టించినాడు. రాళ్ళలో ముళ్ళలో దిగేవారికి ఆనాడు అదే గొప్ప మేలు. ఈనాడు ఆ మెట్లు కూడా దిగలేనివారికి రోప్‌వే ఉన్నది. టిక్కెట్లు తీసుకొని అందరమూ అందులో కూర్చున్నాము. పెట్టె కదలగానే కాళ్ళక్రింద నేల జారిపోయినది. పిల్లలు కేకలు వేసినారు. అమ్మగారు కళ్ళు మూసుకొని శివనామము పట్టుకున్నది. నడుమ కళ్ళు తెరిచి, కొండల మధ్య కృష్ణను చూచి, నామము మరిచిపోయినది!

రైలువారము గనుక మా చూపు ఇనుప మోకుమీదికి పోయినది. దిగే పెట్టెల బరువు ఎక్కే పెట్టెలకు సాయపడుతుంది. మిగిలినది మోటారు లాగుతుంది. అయితే మోకు బలము దానిని రోజూ పరీక్షించేవాని కంటిలో ఉన్నది. తెల్లవారుజామున పట్టాల వెంట నడిచే మన కీమాన్ వంటివాడే అతడు. 2022 ఏప్రిల్‌లో జార్ఖండులోని త్రికూట పర్వతముమీద రోప్‌వే చెడి, జనము గాలిలో చిక్కుకొని, ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గాలి ఎక్కువై బండి ఆపినప్పుడు మనము విసుగుకోరాదు.

క్రింద దిగినాక నీటివరకు ఇంకా కొన్ని మెట్లున్నవి. శ్రీశైలము జలాశయము నిండితే మట్టము 885 అడుగులు. నీరు తగ్గినకొద్దీ దిగవలసిన మెట్లు పెరుగుతవి. చెరొక రెక్క పట్టుకొని దింపినాము. అమ్మగారు మూడు మునకలు వేసి, “ఇక చాలురా” అన్నది. ఆ ముఖము చూచినాక ఖర్చు లెక్క వేయబుద్ధి కాలేదు. తిరిగి పైకి అదే మోకుమీద వచ్చి, దర్శనము చేసుకున్నాము.

పెద్దలకు మా మనవి ఒకటే. మన సభ మేడమీద జరుగుచున్నది. మెట్లు ఎక్కలేక ఇంటనే ఉండిపోయిన తల్లిదండ్రులకు మనము పచ్చడి గిన్నెలో పట్టుకొని పోవుచున్నాము. పచ్చడి పోతుంది, పండుగ పోతుందా? వచ్చే ఉగాది క్రింది హాలులో జరుపుకుందాము. ఇరుకైతే యువకులము నిలబడుదాము.

సెలవు.