యాత్రికుని రూపాయి ఏ యూర నిలుచును?

(ఒక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



మన దేవాలయములు, దుర్గములు, నదీతీరములు ఏ యొక్క నగరమువారి సొత్తును కావు. అవి తెలుగువారి యుమ్మడి యాస్తి. ఉమ్మడి యాస్తిపై వచ్చు ఆదాయమంతయు ఒక్క వాకిటనే చేరి, తక్కిన పాలివారు చేతులు ముడుచుకొని చూచుచుండుట న్యాయమని యే న్యాయస్థానమును చెప్పదు. పర్యాటకము వలన వచ్చు ధనము నేడు మన రెండు రాష్ట్రములలోను ఇంచుమించుగా నట్లే పంపకమగుచున్నది.

తిరుమలకు సాధారణముగా దినమునకు 60 వేలకు పైగా భక్తులు వచ్చుచున్నారు. వారివలన తిరుపతి వర్ధిల్లినది. అందులకు మనము సంతసింపవలసినదే. కాని 2020లో కరోనా వ్యాధి ప్రబలి దర్శనములు రెండు మాసములకు పైగా నిలిచిపోయినపుడు, ఆ రాకపోకలనే నమ్ముకొన్నవారి బ్రతుకు లేమయ్యెనో జ్ఞప్తికి తెచ్చుకొందము. రాబడి యంతయు ఒక్కచోట గుమిగూడుట ఆ చోటికిని క్షేమము కాదు.

తిరుపతికి 40 కిలోమీటర్లలోపుననే శ్రీకాళహస్తి యున్నది. అచ్చటి పనివారు కలముపట్టి గుడ్డపై రామాయణ భారత గాథలను చిత్రింతురు. పూజ ముగియగనే బస్సెక్కు భక్తులలో ఆ కలంకారివారి వాకిలి త్రొక్కువా రెందఱు? లేపాక్షి నందిని చూడవచ్చువారిలో పలువురు ఉదయమున బెంగుళూరునుండి వచ్చి సాయంకాలమునకే మరలిపోవుదురు. వారి భోజనము దారిలో, నిద్ర బెంగుళూరులో; లేపాక్షికి మిగులునది వారి బండ్లు రేపిన దుమ్ము! 1213లో వెలసిన పాలంపేట రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వపు గౌరవము లభించినది. ఆ గౌరవము పాలంపేట యింటింటికి నాలుగు రూకలుగా మారినగాని పని పూర్తికాదు.

"మంచి రోడ్లు వేసిన చాలదా?" యని కొందఱందురు. చాలదు. రోడ్డు యాత్రికుని ఎంత వేగముగ తెచ్చునో అంత వేగముగనే కొనిపోవును. అతడొక రాత్రి నిలిచినయెడల పాలవానికి, చాకలికి, వంట చేయు ఇల్లాలికి, దారిచూపు యువకునికి పని దొరకును. లేదా, ఆ యూర తయారగు వస్తువును ఆ యూరనే కొనవలెను. 2021లో ప్రపంచపు ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎన్నికైన పోచంపల్లి దీనికి దృష్టాంతము. మగ్గముకడ నిలిచి చీర కొన్నవాని రూపాయి దళారిచేత చిక్కక నేతవాని చేతికే చేరును.

ఇక చట్టముమాట. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 గలవు. వానిలో పర్యాటకము లేదు. అయినను కుటీర పరిశ్రమలు, సంతలు, సాంస్కృతిక కార్యములు గలవు. కావున గ్రామములు ఊరక చూచుచుండ నక్కఱలేదు.

మేము కోరునవి మూడు: గ్రామమహిళా సంఘములచే బస యిండ్లు నడపింపవలెను, గుడి వాకిటను, బస్సు నిలుచు చోటను స్థానిక పనివారికే మొదట అంగడి స్థలము లభింపవలెను, వాహనముల రుసుములో పంచాయతీకి పాలు ఉండవలెను. యాత్రికులు విడిచిన చెత్త నెత్తునది పంచాయతీ. ఆదాయము మఱియొకరి దగుట ధర్మము కాదు.

ప్రభుత్వము చేయవలసినది చేయునుగాక. మనము చేయదగినదియు నున్నది. ఈమారు యాత్రకు బయలుదేరునపుడు ఒక రాత్రి ఆ యూరనే నిలువుడు. ఆ యూరి యన్నము తినుడు. ఆ యూరి చేతిపని కొనుడు. ఉమ్మడి యాస్తిలో పాలివారి పాలు వారికి దక్కించుట కిదియే మన వంతు.