పిల్లల చేతిలో ఫోను - పెద్దల బాధ్యత

(గ్రామ పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఊరిలో చెరువున్నంతకాలము పిల్లలు దానిలో దిగక మానరు. అందులకై చెరువును పూడ్చివేయుట తెలివిగల పని కాదు. ఈత నేర్పుట, లోతెక్కడ ఉన్నదో చూపుట, ఒంటరిగా దిగవద్దని చెప్పుట పెద్దల పని. నేడు మన ఇండ్లలోనికి వచ్చిన ఇంటర్నెట్టును అట్టి చెరువే. 2020లో కరోనా కారణమున బడులు మూతపడినప్పుడు పాఠములు ఫోనులోనికి వచ్చినవి. బడులు తెరచిన పిదపను ఫోను పిల్లల చేతిని విడువలేదు. దానివలన కలుగు మేలు తక్కువది కాదు. దీక్ష వంటి ప్రభుత్వ వేదికలలో పాఠములు ఉచితముగా లభించుచున్నవి. కావున ఫోనును లాగివేయుటను గురించి కాక, దానిని జాగ్రత్తగా వాడుట నేర్పుటను గురించి మనము ఆలోచింతము.

మన గ్రామములలో ఒక విశేషము కలదు. అనేక కుటుంబములలో ఫోను తల్లిదండ్రులది. దానిని నడుపు నేర్పు పిల్లలది. పొదుపు సంఘపు అప్పు జమయైనదా, రైతు ఖాతాలో సొమ్ము పడినదా అని చూచి చెప్పునది ఎనిమిదవ తరగతి చదువు బాలికయే. ఇంటికంతటికిని ఆమెయే గుమాస్తా. ఖాతా సంఖ్యయు, ఆధారు సంఖ్యయు, రహస్యమైన పిన్నును ఆమెకు తెలియును. మోసగాడు ఆమెను నమ్మించినచో ఇల్లంతయు మోసపోవును. ఆమెకు జాగ్రత్త నేర్పినచో ఇల్లంతయు రక్షింపబడును.

నేర్పవలసిన మొదటి పాఠము సొమ్మును గురించినది. ఉపకారవేతనము మంజూరైనదనియు, ఆటలో బహుమానము వచ్చినదనియు సందేశములు వచ్చును. వాటి వెంట ఒక లింకో, ఓటీపీ చెప్పుమను కోరికయో ఉండును. సొమ్ము పంపుటకే పిన్ను కావలెను గాని, పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఈ ఒక్కమాట పిల్లలకు కంఠస్థము కావలెను. వాట్సాపులో వచ్చిన ఫైలును తెరచి ఫోనులో ఎక్కించరాదు. అట్టి దానికి అనుమతి ఇచ్చినచో, మన ఫోనుకు వచ్చు ఓటీపీలను అది దొంగకు చేరవేయగలదు. సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టము నిషేధించినదని కూడ పిల్లలకు చెప్పవలెను.

రెండవ పాఠము అపరిచితులను గురించినది. ఫోనులో పరిచయమైన వ్యక్తి తాను పదునాలుగేండ్ల బాలికనని చెప్పవచ్చును. నిజమునకు నలుబదియేండ్ల పురుషుడు కావచ్చును. మొదట పొగడ్త, పిదప ఊరిపేరు, బడిపేరు, ఆ పిదప ఫోటో అడుగును. చివరకు "ఇంట్లో చెప్పవద్దు" అనును. ఆ మాట వినబడినప్పుడే అది అపాయమని బిడ్డ గుర్తింపవలెను. ఫోటో చేతికి చిక్కినంతనే బెదరింపు మొదలగును. నేడు కృత్రిమ మేధ సహాయమున మామూలు ఫోటోలోని ముఖమునే అసభ్యమైన చిత్రమునకు అతికింపవచ్చును. కనుక ఏ తప్పును చేయని బిడ్డకు కూడ ఈ ఆపద రావచ్చును.

ఇచ్చట పెద్దలతో ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. ఆపదలో పడిన బిడ్డ మనతో ఏల చెప్పదు? కొట్టుదుమను భయము. బడి మాన్పింతుమను భయము. ఫోను సంగతి బయటపడినంతనే ఆడపిల్ల చదువు ఆపి పెండ్లి సంబంధములు వెదకు ఇండ్లు లేకపోలేదు. శిక్ష పడవలసినది దుర్మార్గునికి, పడుచున్నది బాలికకు. వాని పెట్టుబడి ఆ భయమే. "ఏమి జరిగినను నాతో చెప్పుము, నిన్ను కోపింపను" అని తండ్రి ముందుగానే చెప్పి, ఆ మాట నిలుపుకొన్ననాడు వాని వ్యాపారము సాగదు.

బెదరింపు వచ్చినచో సొమ్ము ఇయ్యరాదు. ఇచ్చినకొలది అడుగుచునే ఉండును. సందేశములను చెరిపివేయరాదు, అవి సాక్ష్యములు. వాటిని స్క్రీన్‌షాట్ తీసి, నంబరు వ్రాసికొని, పిదప ఆ వ్యక్తిని బ్లాక్ చేయవలెను. సొమ్ము పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్ము చేతులు మారకముందే నిలుపుటకు అంత అవకాశము. పిల్లల ఆపదలకు 1098 నంబరు రేయింబవళ్లు పనిచేయుచున్నది. జాతీయ సైబర్ నేరముల పోర్టలులోను ఫిర్యాదు చేయవచ్చును.

పోలీసు స్టేషను మెట్లెక్కిన పరువు పోవునని సంకోచింప నక్కరలేదు. లైంగిక నేరములనుండి బాలలను కాపాడు 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము బిడ్డ వాఙ్మూలమును ఇంటివద్దనే తీసికొనవచ్చును. ఆ అధికారి యూనిఫారములో ఉండరాదు. బాలల అసభ్య చిత్రములను పంచుట సమాచార సాంకేతిక చట్టము క్రింద నేరము; మొదటిసారికే 5 సంవత్సరముల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. అట్టి చిత్రము మన గ్రూపులోనికి వచ్చినప్పుడు వినోదమునకై ముందుకు పంపువాడును నేరస్థుడేయని యువకులు గ్రహింపవలెను.

ఇక పెద్దలు చేయవలసినది కొంత కలదు. బడిపేరు కనబడు దుస్తులలో నున్న పిల్లల ఫోటోలను అందరును చూచునట్లు పెట్టరాదు. రాత్రి ఫోను పిల్లల పక్కమీద కాక, నడుమ ఇంట ఉండవలెను. చదువురాని తల్లియైనను దినమునకు పది నిమిషములు బిడ్డ ప్రక్కన కూర్చుండి, "ఇది ఏమి, అది ఏమి" అని అడుగవచ్చును. ఆ ప్రశ్నలలోనే కాపుదల ఉన్నది. ఉపాధ్యాయులు వారమునకు ఒక పీరియడు కేటాయించి, మోసగాని మాటలను పిల్లలచేతనే నాటకముగా ఆడించినచో, ఉపన్యాసముకంటె అది మనసున నాటును.

నేటి రాత్రి భోజనమువేళ మీ పిల్లలతో ఈ సంగతి మాటలాడుడు. భయపెట్టుటకు కాదు, మీరు వారి పక్షమున ఉన్నారని తెలుపుటకు. ధైర్యముగా నోరు విప్పి చెప్పగల బిడ్డ ఉన్న ఇంటిలో మోసగానికి చోటు లేదు.