చుట్టూ శ్రోతలు, నడుమ సంగీతం

కరీంనగరు పల్లెలలో ఒగ్గుకథ విన్నవారికి ఆ కొలువు తెలిసినదే. నడుమ కథకుడు, డోలు, తాళాలు, చుట్టూ జనం. ఆదిలాబాదు గోండు గూడేలలో దండారి ఆటకూ వలయమే రంగస్థలం. కాని సంగీతశాల కట్టదలచినప్పుడు మనం ఆ వలయాన్ని మరచిపోతున్నాము. 1961లో ప్రారంభమైన హైదరాబాదు రవీంద్రభారతిలో సైతం వేదిక ఒక కొసన, ప్రేక్షకులు ఎదుట.

సంగీతం వినబడినచోట జనం గుండ్రంగా మూగుతారని గుర్తించిన వాస్తుశిల్పి హాన్స్ షరూన్. 1963లో ప్రారంభమైన బెర్లిను ఫిల్హార్మోనీ శాలలో ఆయన వాద్యబృందాన్ని నడుమ నిలిపి, రెండువేల పైచిలుకు ఆసనాలను చుట్టూ అంచెలంచెలుగా అమర్చాడు. గాయకుని వెనుక కూర్చున్నవారికి గొంతు కొంత తగ్గి వినబడుతుంది, నిజమే. మన ఒగ్గు కథకుడు నలుదెసలకూ తిరిగి పాడి ఆ కొరత తీరుస్తాడు.

మన జిల్లాలలో కళాభవనం తలపెట్టేవారు, పటం గీయకముందు, ఒక రాత్రి ఆ కథ వినాలని మా మనవి.