జెట్ మార్చినవాడు చీటీ రాయాలి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు, "నేను ఇ.ఎం.ఇ.లో వెహికిల్ మెకానిక్కుగా చేశానండీ, యుద్ధం కథలు నా దగ్గర లేవు" అన్నాను. "భాలుబాసాలో మీ ఇంటి ముందు ఎప్పుడూ నాలుగు బళ్లు విప్పి ఉంటాయి కదా, వాటి గురించే చెప్పండి" అన్నారు. అందుకని కార్బురేటరు గురించి నాలుగు మాటలు చెబుతాను. అందులో నా తప్పొకటి ఉంది. అది కూడా చెబుతాను.

మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి టాటా కంపెనీ పనికి ఈ ఊరు వచ్చారు. నేను ఇక్కడే పుట్టి, సికింద్రాబాదు ఇ.ఎం.ఇ. సెంటర్లో పని నేర్చుకున్నాను. మా వీధిలోనే పెరిగి నాలాగే సైన్యంలో చేరినవాడు ఒకడున్నాడు. వరసకి నాకు బావ. అతనికి రాజ్‌దూత్ 350 అంటే ప్రాణం.

ఆ బండి గురించి ఈ తరం పిల్లలకి చెప్పాలి. యమహా ఆర్.డి. 350ని మన దేశంలో ఎస్కార్ట్స్ వారు 1983 నుంచి ఆ పేరుతో తయారు చేశారు. 347 సి.సి., రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్ ఇంజను, ఆరు గేర్లు. సిలిండరుకొకటి చొప్పున రెండు కార్బురేటర్లు. మన రోడ్ల మీద అంత ఉరుకు గల బండి అప్పట్లో మరొకటి లేదు. పెట్రోలు తాగేస్తుందని, సామాన్లు దొరకవని జనం కొనలేదు. ఎనభైల చివరికి తయారీ ఆగిపోయింది. మా బావ సెకండ్ హ్యాండులో కొన్నాడు.

1991లో మేమిద్దరం లేహ్‌లో ఉన్నాం, వేర్వేరు యూనిట్లలో. అతను బండి అక్కడికి కూడా తెప్పించుకున్నాడు. అక్కడ బండి ఒకటే నల్లపొగ. ప్లగ్గులు మసిబారి ఆగిపోయేది. కారణం సులువే. లేహ్ సుమారు 3500 మీటర్ల ఎత్తు. అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. కార్బురేటరుకి ఆ సంగతి తెలియదు. గాలి పలచబడినా పెట్రోలు మాత్రం ఇంచుమించు పాత లెక్కనే పోస్తుంది. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, బరువు లెక్కన. గాలి తగ్గితే మిశ్రమం చిక్కబడుతుంది. దాన్నే రిచ్ అంటాం. పలచబడితే లీన్.

నేను రెండు కార్బురేటర్లలోనూ మెయిన్ జెట్టు తీసి చిన్న నెంబరువి వేశాను. నీడిలు క్లిప్పుని ఒక గాడి పైకి జరిపాను, అంటే నీడిలు కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. బండి గుర్రంలా పరిగెత్తింది. మా బావ నన్ను భుజం మీద కొట్టి మెచ్చుకున్నాడు.

యూనిట్ బండి అయితే చేసిన పనంతా లాగ్ బుక్కులో రాసేవాణ్ణి. ఇది సొంత బండి కదా అని ఎక్కడా రాయలేదు.

అక్టోబరులో, మంచుకి దారి మూసుకుపోయేలోగా, అతను బండిని లారీలో కిందికి దింపి, రైల్లో టాటానగర్ పంపించుకున్నాడు. డిసెంబరులో సెలవు మీద ఇంటికొచ్చాడు. ఒక చలి పొద్దున్న మాంగో వంతెన దాటి రాంచీ రోడ్డెక్కి, ఖాళీగా ఉంది కదా అని పూర్తిగా యాక్సిలరేటరు తిప్పాడు. మన జంషెడ్‌పూర్ రెండొందల మీటర్ల ఎత్తు కూడా లేదు. చల్లగాలి ఇంకా చిక్కన. లోపల ఉన్నవి లేహ్ జెట్లు. గాలి నిండుగా వెళ్లింది, పెట్రోలు చాల్లేదు. లీనుగా నడిచే టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ విపరీతంగా కాగి, ఉబ్బి, సిలిండరుని పట్టేస్తుంది. అలాగే పట్టేసింది. వెనక చక్రం బిగిసిపోయింది. బండి జారి, అతని మోకాలు నలిగిపోయింది.

నేను జనవరిలో సెలవుకొచ్చి, వాళ్ల పెరట్లో ఆ కార్బురేటర్లు విప్పాను. ఎడమ పిస్టన్ మీద నిలువు గీతలు. జెట్లు చేతిలోకి తీసుకుని చూస్తే, నేను వేసినవే. అప్పటిదాకా నాకు గుర్తే రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చి మంచం మీదున్న అతనికి చెప్పాను. అతనన్నాడు: "ఏటి బావా, నువ్వు చెప్పడం మర్చిపోనావు, నేను అడగడం మర్చిపోనాను. సమానం." సమానం కాదు. మోకాలు అతనిది. మెడికల్ కేటగిరీ తగ్గింది, రావలసిన ప్రమోషను ఆగిపోయింది. ఇద్దరం ఇప్పటికీ ఒకే వీధిలో ఉంటాం. అతను మెట్లెక్కేటప్పుడు నేను చూడకుండా ఉండలేను.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. ఇప్పటికీ ఆర్.ఎక్స్. 100లు, పాత రాజ్‌దూత్‌లు పట్టుకుని కుర్రాళ్లు వస్తారు. వాళ్లకి చెప్పేవే మీకూ చెబుతాను.

మొదటిది, కార్బురేటరు జోలికి వెంటనే వెళ్లకండి. పెట్రోలు ట్యాపు, ట్యాంకు మూత గాలిరంధ్రం, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు చూడండి. కార్బురేటరుకి ఇంజనుకి మధ్యనున్న రబ్బరు బిగువుగా ఉందా, పగిలిందా చూడండి. అక్కడ దొంగగాలి లాగితే ఎన్ని జెట్లు మార్చినా బండి లీనుగానే ఉంటుంది.

రెండోది, జబ్బు ఎక్కడుందో యాక్సిలరేటరే చెబుతుంది. గ్రిప్పు మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకోండి. పావులోపు ఇబ్బంది అయితే పైలట్ జెట్టు, స్క్రూ చూడాలి. పావు నుంచి ముప్పావు దాకా నీడిలు. ఆపైన మెయిన్ జెట్టు.

మూడోది, స్క్రూ ఎటు తిప్పాలో తెలుసుకుని తిప్పండి. ఫిల్టరు వైపున్నది గాలి స్క్రూ, బిగిస్తే రిచ్ అవుతుంది. ఇంజను వైపున్నది మిశ్రమం స్క్రూ, వదులు చేస్తే రిచ్ అవుతుంది. ఈ తేడా తెలియక పాడుచేసుకున్నవాళ్లు చాలామంది. ముందు మెల్లగా పూర్తిగా బిగించి ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి రాసుకోండి.

నాలుగోది, రెండు కార్బురేటర్ల బండిలో రెండు స్లైడులూ ఒకేసారి లేవాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే ఒక సిలిండరు రెండోదాన్ని మోస్తుంది. రాజ్‌దూత్‌లో ఆయిలు పంపు కేబులు కూడా యాక్సిలరేటరుతోనే కదులుతుంది, అదీ సరిచూడాలి.

ఐదోది, జెట్టు రంధ్రంలో ఇనుప తీగ పెట్టి పొడవొద్దు. రంధ్రం పెద్దదైతే నెంబరుకి అర్థం ఉండదు. పెట్రోల్లో నానబెట్టి గాలి కొట్టండి.

ఆరోది, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. దానికి తక్కువ గాలి చాలు కాబట్టి పాత బండి కొంచెం లీనుగా నడుస్తుంది. పాత రబ్బర్లూ చెడతాయి. ప్లగ్గు కొస తెల్లగా సున్నంలా కనిపిస్తే ఆ బండిని ఉరికించకండి. పాత టూ స్ట్రోక్ నడిపేటప్పుడు రెండు వేళ్లు క్లచ్ మీద ఉంచండి. ఇంజను గొంతు మారగానే నొక్కితే చక్రం బిగియదు.

ఆఖరుది, ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చింది రాయండి. తేదీ, ఊరు, పాత నెంబరు, కొత్త నెంబరు ఒక చీటీ మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద కడతాను. నా చేతి నుంచి బయటికెళ్లే ఏ బండీ చీటీ లేకుండా వెళ్లదు.

2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాయి. కొత్త బళ్లలో కార్బురేటరు స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. లేహ్‌లో ఉన్నా భాలుబాసాలో ఉన్నా గాలిని సెన్సారే కొలుచుకుంటుంది. మంచిదే. కానీ చేసిన పని రాసిపెట్టే అలవాటుకి సెన్సారు లేదు. బండి కావచ్చు, కరెంటు మీటరు కావచ్చు, పిల్లవాడికి వేసే మందు కావచ్చు. మార్చినవాడు చెప్పాలి, తీసుకున్నవాడు అడగాలి.

మా బావ ఈ సభలోనే వెనక వరసలో కూర్చున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పడం లేదు. అతని రాజ్‌దూత్ ఇప్పటికీ నడుస్తోంది. సీటు కింద చీటీ ఉంది. నమ్మకపోతే బయట నిలబెట్టి ఉంది, చూడండి.

 జై హింద్.