రెండు ఇంజన్లు, ఒక తరాజు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హాలు వెనుక బల్ల మీదున్న విమానం ఈ రోజు ఎందుకు ఎగరటం లేదని పొద్దుటినుంచి అందరూ అడుగుతున్నారు. దాన్ని చేసిన మన పిల్లలు ముఖం ముడుచుకొని కూర్చున్నారు. ఆ జవాబు చెప్పటానికే మేము లేచాము.

అది మాస్కిటో అనే రెండు ఇంజన్ల యుద్ధవిమానానికి నమూనా. అసలు విమానం 1940 నవంబరులో తొలిసారి ఎగిరింది. దాని రెక్కల పొడవు 54 అడుగులు. మనది అందులో ఎనిమిదో వంతు, అంటే సుమారు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. బరువు 6 కిలోలు.

దీన్నే ఎందుకు ఎంచుకున్నాము? బ్రిటిష్ వాయుసేనలో 110వ దళానికి 'హైదరాబాద్' అని పేరు ఉండేది. 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో ఆ దళానికి విమానాలు వచ్చాయి. 1945లో అదే దళం బర్మాలో మాస్కిటోలు నడిపింది. పైగా మాస్కిటో చెక్క విమానం. మన వడ్రంగి మేస్త్రీల చేతికి లొంగే పని.

అయితే చెక్క పని అంటే అతుకుల పని. 1944లో మన దేశంలో కొన్ని మాస్కిటోల రెక్కల అతుకులు ఊడి ప్రమాదాలు జరిగితే, ఆ విమానాలను కొన్నాళ్ళు నేలమీద నిలిపేశారు. ఈ సంగతి పిల్లలకు చెప్పాము. మరునాడు ఒక అమ్మాయి రెక్కంతా గోటితో తట్టుకుంటూ పోయి, ఎడమ మోటారు దగ్గర బోలు చప్పుడు పట్టుకుంది. విప్పి చూస్తే లోపల జిగురే అంటలేదు! పైన రంగు మాత్రం అద్దంలా ఉంది.

ఇక తూకం. ఎడ్లబండికి వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది కదా. విమానమూ అంతే. తోక బరువైతే ముక్కు లేచి, వేగం చచ్చి, కింద పడుతుంది. మన నమూనా రెక్క సగటు వెడల్పు 12 అంగుళాల పైచిలుకు. ముందు అంచు నుంచి మూడుంబావు అంగుళాల దగ్గర అది తూగాలి. మొదట నాలుగుంబావు దగ్గర తూగింది. కిలో బరువున్న బ్యాటరీలను 5 అంగుళాలు ముందుకు జరిపి, ముక్కులో 70 గ్రాముల సీసం పెడితే సరిపోయింది. కుడి ఎడమల తూకం కూడా చూశాము.

మిగిలింది పెద్ద పరీక్ష. జోడెడ్లలో ఒకటి ఆగిపోతే బండి ఆ వైపే తిరుగుతుంది. గాలిలో ఒక మోటారు ఆగినా అంతే. రెండోదాన్ని ఇంకా గట్టిగా తిప్పితే విమానం బోర్లా పడుతుంది. దాని జోరు తగ్గించి, ముక్కు కొంచెం దించి, ఎదురుగా ఉన్న నేల మీదికే దించుకోవాలి. ఆ సాధన మన పిల్లలకు ఇంకా కాలేదు. ఇంతమంది తల్లులు, పసిపిల్లల నెత్తి మీద దాన్ని ఎలా ఎగరేస్తాము?

అందుకే వద్దన్నాము. పల్లి చేలు కోసిన తర్వాత, డిజిటల్ స్కై పటంలో గ్రీన్ జోన్ చూసుకొని, జనం లేని చోట ఎగరేస్తాము.

తూకం తప్పవద్దని అర్రహ్మాన్ సూరా మనకు నేర్పుతుంది. అది కిరాణా కొట్టు తరాజుకే కాదు, పిల్లల ఉత్సాహానికి, పెద్దల భయానికి కూడా వర్తిస్తుంది. వెనక్కి వెళ్ళి ఆ పిల్లల పని చూడండి. గోటితో తట్టి చూసినా వాళ్ళేమీ అనుకోరు.

ఖుదా హాఫిజ్.